కాలవకు అవతలి బడి

మొన్న మా పాలెం బడి ముందర షామియానా వేశారు. ఎవరిదో పెళ్ళి కాబోలనుకుని కర్ర పట్టుకుని నేనూ పోయాను. పెళ్ళి కాదు, బడి సంగతి. పిల్లలు బాగా తగ్గిపోయారట. ఇంత కొద్దిమందికి ఒక బడీ ఒక అయ్యవారూ ఎందుకని పైవాళ్ళు అనుకున్నారట. అందుకని కాస్త పెద్ద తరగతుల పిల్లల్ని కాలవకు అవతల రైతుల ఊళ్ళో ఉన్న బడిలో కలిపేస్తారట. అక్కడైతే తరగతికో అయ్యవారు ఉంటాడని, ఆడుకోను చోటుంటుందని, నలుగురి పిల్లలతో కలిసి పెరుగుతారని వచ్చినాయన చాలా మర్యాదగా చెప్పాడు. వ్యాను కూడా పెడతామన్నాడు.

“వ్యానొస్తాది వ్యానొస్తాది అంటుండారు, వానొస్తే వ్యానొస్తాదా సార్?” అని మా మనవడి పెళ్ళాం లేచి అడిగింది. అందరూ నవ్వారు. అడిగిన పిల్ల మాత్రం నవ్వలేదు. చంకలో చిన్నదాన్ని పెట్టుకుని, పెద్దదాని జడ పట్టుకుని, ఆ జడ వదిలితే అప్పుడే ఎవరో కాలవ దాటించేస్తారన్నట్టు నిలబడి ఉంది. ఇంతలో ఎవరో నా వైపు తిరిగి, “అవ్వా, నువ్వు చెప్పు. నీ కాలంలో బిడ్డని కాలవ దాటించినావంట గదా” అన్నారు. పాలెంలో నా నోటికి జంకని వాళ్ళు తక్కువ. అలాంటిది ఆ పూట కాళ్ళు లాగుతున్నాయని చెప్పి ఇంటికి వచ్చేశాను. వచ్చి కూర్చున్నాక మొదలైంది, అరవై ఏళ్ళ నాటి దడ. అది తగ్గేదాకా రాద్దామని కూర్చున్నాను. నేను అక్షరాలు నేర్చింది ముప్పై దాటాక, కాబట్టి నా రాతలో సొంపులు వెతకవద్దు. నా ఈడు వాళ్ళు చదివితే చాలు, వాళ్ళకు తెలుస్తుంది.

మా పాలెం ఇసుకదిబ్బ మీద ఉంటుంది. తూర్పున సముద్రం, పడమర కాలవ. కాలవ దాటితే వరిపొలాలు, పొలాల గట్లమీద నడిచి పోతే రైతుల ఊరు, ఇంకా ముందుకు పోతే అల్లూరు రోడ్డు. అప్పట్లో కాలవకు వంతెన లేదు. గడకర్రతో నెట్టే ఒక పడవ ఉండేది, దాన్ని నడిపే ముసలాయనను పాలెమంతా పడవ మామా అని పిలిచేవాళ్ళం. కాలవలో అప్పుడప్పుడు ఉప్పు పడవలూ కట్టెల పడవలూ మద్రాసు వైపు పోతుండేవి, అవి వస్తే మా పడవ ఆగేది, అవి పోయాక కదిలేది. ఇవతల వాళ్ళు వల, అవతల వాళ్ళు నాగలి. మేము చేపలు పట్టుకుపోతే వాళ్ళు వడ్లు కొలిచేవాళ్ళు. అంతకుమించి ఒకరి ఇంటి లోపల ఏముందో ఒకరికి తెలియదు.

నాకు కూతురు ఒక్కతే నిలిచింది. దాని నాయన తెప్ప మీద పోయేవాడు, నేను గంప ఎత్తుకుని రైతుల ఊళ్ళో అమ్ముకొచ్చేదాన్ని. మాలో ఒక్కో ఆడమనిషికి అవతల ఊళ్ళో వాడుక ఇళ్ళు ఉండేవి. నా ఇళ్ళకు ఇంకొకతె పోదు, ఇంకొకతె ఇళ్ళకు నేను పోను. మా అత్త ఉన్నన్నాళ్ళు బిడ్డను ఆమె చూసుకునేది. ఆమె పోయాక బిడ్డను ఎవరి దగ్గర వదలాలో తెలియక నా వెంటే తిప్పేదాన్ని. నెత్తిన గంప, చేతిలో దాని చెయ్యి. ఎండకు ఇసుక కాలితే అది నా కాళ్ళమీద కాళ్ళు పెట్టి నడవాలని చూసేది. అట్లా పోతుండగా ఒకనాడు బడి గోడనీడన కాసేపు గంప దించితే, లోపలి నుంచి అయ్యవారు బయటికి వచ్చాడు. పొట్టి మనిషి, గట్టి గొంతు.

“ఏమ్మా, బిడ్డని ఎండలో యిల్లిల్లూ తిప్పతావెందుకు? నీ గంప ఖాళీ అయ్యేదాకా యీడ కూర్చోబెట్టు. యెవురూ యెత్తకపోరులే” అన్నాడు.

నా కూతురు బడికి పోయింది అందుకు. చదువుకోసమని గొప్పగా రాయాలని ఉంది గానీ అది అబద్ధం. నీడపట్టున కూర్చుంటుందని పంపాను. అదేమో అక్కడ విన్నది విన్నట్టు ఇంటికి తెచ్చి, పొయ్యి ముందు నేను చేపలు ఉప్పుబెడుతుంటే గుక్క తిప్పుకోకుండా అప్పగించేది. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా ఊ కొట్టేదాన్ని. అది చూసి మా పాలెంలో ఇంకా కొందరు ఆడవాళ్ళు తమ పిల్లల్ని కూడా తెచ్చి అక్కడ వదలడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి పొద్దున్నే గంపలు ముందు, పిల్లలు వెనక, గట్లమీద బారుగా పోయేవాళ్ళం.

బడిలో మా పిల్లలు వాకిలి దగ్గర కూర్చునేవాళ్ళు. అట్లా కూర్చోమని ఎవరూ చెప్పినట్టు లేదు, ఎవరికి వాళ్ళకు తెలిసిపోయింది. రైతుల పిల్లలు లోపలి గోడకు. చేపల వాసన అని ముక్కు మూసుకోవడం ఉండేది, మా వాళ్ళు ఊరుకునేవాళ్ళా, పేడ వాసన అని వీళ్ళూ మూసుకునేవాళ్ళు. అయ్యవారు కొన్నాళ్ళు చూశాడు. ఒకరోజు ఎవరు పొట్టి ఎవరు పొడుగు అని అందర్నీ గోడకు నిలబెట్టి, పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక అని కూర్చోబెట్టేశాడు. అది ఊళ్ళో కొందరికి నచ్చలేదు. పోయి అడిగితే, “పొడుగోడు ముందు కూర్చుంటే యెనకోడికి పలక కనపడద్దాండీ?” అన్నాడట. మా పిల్ల పక్కన ఒక రైతుబిడ్డ పడింది. ఇద్దరిదీ ఒకే ఎత్తు. ఆ ఇల్లు నా వాడుక ఇళ్ళల్లోదే. ఆ పిల్ల తల్లి వసారాలోకి వచ్చి నాతో బేరమాడుతుంటే, ఇంకా బడికి బయల్దేరని ఆ పిల్ల లోపలి నుంచి నిన్న బడిలో మా పిల్లలు ఏం చేశారో అరిచి చెప్పేది. వాళ్ళ పిల్ల కబుర్లు మా ఇంట్లో, మా పిల్ల కబుర్లు వాళ్ళ ఇంట్లో. గంపలో చేపలతోపాటు అవి కూడా నేనే మోసినట్టుండేది.

ఇదంతా బాగున్నట్టే ఉంది గదా. కానీ నా దడ సంగతి చెప్పలేదు. నా గంప మధ్యాహ్నానికి ఖాళీ అయ్యేది, బడి సాయంత్రందాకా ఉండేది. తెప్పలు ఒడ్డుకు వచ్చే వేళకు నేను ఇవతల ఉండాలి, లేకపోతే చేప పాడు. కాబట్టి పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పడవెక్కి రావాలి. ఎండాకాలంలో కాలవ మోకాటిలోతు ఉన్నచోట్లు కూడా ఉండేవి, భయం లేదు. కార్తీకం వస్తే వేరు. వాయుగుండం పట్టిందంటే పైన చెరువులన్నీ పొంగి ఆ నీళ్ళు కాలవలో పడేవి, ఎర్రగా తిరుగుతూ పోయేది. మా మగపిల్లలు నడక రాకముందే ఈత నేర్చేవాళ్ళు. ఆడపిల్లలకు మాలో ఈత నేర్పరు. సముద్రం మీదికి పోయేది మగవాడు, ఆడది ఒడ్డున ఉండేది, ఆమెకు ఈతెందుకని. నాకూ రాదు. సముద్రం పక్కన పుట్టి, సముద్రం పెట్టింది తిని, నీళ్ళంటే తెలియని వాళ్ళం మా ఆడవాళ్ళం.

“కాలవకే బయపడితే యెట్టమే? నేను దినామూ యాడికి పోతుండానో తెలుసు గదా” అనేవాడు మా ఇంటాయన.

“నువ్వు మునిగినా తేల్తావు. అది తేల్తాదా?” అనేదాన్ని. ఆయన నవ్వి వల దులుపుకునేవాడు.

రోజూ పొద్దు వాలే వేళకు పని ఎక్కడిదక్కడ వదిలి కాలవ గట్టు మీదికి పోయి నిలబడేదాన్ని. అవతల గట్టు మీద తలకాయలు కనపడేదాకా నాకు ఊపిరి ఆడేది కాదు. కనపడ్డాక పడవ ఇవతలికి వచ్చేదాకా ఇంకో రకం దడ. రోజూ అంతే. అలవాటైతే తగ్గుతుందన్నారు గానీ తగ్గలేదు.

ఆ రోజుల్లోనే మా పాలేనికి బడి వచ్చింది. ఎవరెవరో పోయి ఎవరెవరినో అడిగితే వచ్చింది. తాటాకుల పాక, ఒక్క అయ్యవారు. పాలెం పాలెమంతా పండగ చేసుకుంది. విచిత్రమేమిటంటే అవతల ఊరు కూడా సంతోషపడింది. పాకకు కావలసిన వెదుళ్ళూ తాటాకూ పడవ దగ్గరదాకా బండ్లమీద వాళ్ళే పంపించారు, అడగకుండానే. ఒక పెద్దరైతు నాతోనే అన్నాడు, మీ బడి మీకే ఉంటే మీ బిడ్డలకు సుఖం గదమ్మా అని. నిజమే అనిపించింది. మా సంతోషమూ వాళ్ళ సంతోషమూ ఒక్కటి కాదని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది.

బడి వచ్చింది గానీ పిల్లలు చాలకపోతే అయ్యవారిని తీసేస్తారని ఎవరో చెప్పారు. దాంతో పాలెం పెద్దలు దురాయి వేశారు. దురాయి అంటే మా పాలేల్లో పెద్దల కట్టుబాటు. అది వేస్తే ఆ పని ఎవరూ చేయకూడదు. చేసిన ఇంటికి నిప్పు ఇవ్వరు, నీళ్ళు తోడుకోనివ్వరు, ఒడ్డువల లాగితే అందులో భాగం ఉండదు. మామూలుగా వేటకు పోకూడని రోజులకు వేసేవాళ్ళు. ఈసారి బడికి వేశారు. ఇకమీదట ఏ బిడ్డా కాలవ దాటి చదవకూడదు, అందరూ పాకలోనే కూర్చోవాలి. ఆ వేసిన పెద్ద మా ఇంటాయనకు మేనమామ.

అందరి తల్లులూ హాయిగా ఊపిరి పీల్చారు. నేనూ పీల్చాను, ఒక పూట. మర్నాడు పాకలోకి తొంగి చూస్తే అందరూ పిడికెడంత పిల్లలు, అయ్యవారు ఇసుకలో వేళ్ళు పట్టి దిద్దిస్తున్నాడు. నా కూతురు అప్పటికి నాలుగో తరగతికి వచ్చింది. పాకలో రెండో తరగతి దాటి ఏదీ లేదు, ఇప్పట్లో రాదని ఆ అయ్యవారే చెప్పాడు. అవతలి అయ్యవారు కాలవ గట్టుదాకా నడిచి వచ్చి, పడవ ఎక్కకుండా అక్కడినుంచే, “బిడ్డని ఆపొద్దు తల్లీ” అని కేకేసి పోయాడు. ఇటు దురాయి, అటు ఆ కేక.

పెద్దల సభలో ఆడవాళ్ళు మాట్లాడరు. వెనక కూర్చుని, మగవాడి చేత మాట్లాడించాలి. మా ఇంటాయనకు మేనమామ ముందు నోరు లేవదు. వెనక నుంచి నేనే లేచాను.

“నా బిడ్డ నాలుగు చదవతా వుంది మామా. మళ్ళా అ ఆ కాడ కూర్చోబెట్టమంటావా?”

“కూర్చుంటే అరిగిపోద్దామే?” అన్నాడు దురాయి వేసిన పెద్దాయన. అందరూ నవ్వారు. నవ్వు అయ్యాక ఆయన నవ్వకుండా అన్నాడు, “నీ బిడ్డ పోతే యింకొకతె బిడ్డ పోతాది. ఆనాక పాకలో అయ్యోరు వొక్కడే కూర్చుంటాడు. మన గడ్డ మీదికి బడి రావడానికి యెన్ని తరాలు పట్టిందో నీకు తెలీదా?”

ఆయన మాటలో తప్పు లేదు. ఇప్పటికీ నాకు దొరకలేదు. కానీ నేను కూర్చోలేదు. చిన్నపిల్లల్ని ఎవరూ దాటించవద్దు, పాకలో లేని తరగతి వాళ్ళను మాత్రం పోనివ్వండి అని పట్టుబట్టాను. చాలాసేపు గుసగుసలాడుకుని చివరికి సరేనన్నారు. పోయేవాళ్ళు పోవచ్చు, కాలవలో ఏదన్నా అయితే పాలెం బాధ్యత లేదు, అంతా కన్నవాళ్ళదే. గెలిచాననుకుని ఇంటికి వచ్చాను. తెల్లారి చూద్దును గదా, పెద్ద తరగతుల పిల్లలున్న మిగతా తల్లులందరూ పాకకే పంపించేశారు. దగ్గర్లో బడి పెట్టుకుని బిడ్డను నీళ్ళమీద పంపేది ఏ తల్లి? పడవలో నా బిడ్డ ఒక్కతే మిగిలింది.

అవతల ఆ బడిలోనూ మా పాలెం నుంచి అది ఒక్కతే. మునుపు ముక్కు మూసుకుంటే ఎదురు మూసుకోను పక్కన నలుగురుండేవాళ్ళు. ఇప్పుడు లేరు. అది ఇంటికొచ్చి ఏమీ అప్పగించేది కాదు, అడిగితే ఆ రైతుబిడ్డ సంగతి మాత్రం చెప్పేది. ఆ పిల్ల పక్కనుంది కాబట్టి పోతోందని నాకు తెలుసు. ఆ పిల్ల లేకపోతే మానేసేది. మానేస్తే బాగుండునని ఒక పూట, మానేయకూడదని ఒక పూట అనుకునేదాన్ని. గట్టు మీద నిలబడి ఒక్క తలకాయ కోసం చూడడం, పది తలకాయల కోసం చూడడం లాంటిది కాదు. పదింటిలో ఒకటి తగ్గితే మిగతావి చెబుతాయి. ఒక్కటే అయినప్పుడు, అది కనపడకపోతే ఎవరు చెబుతారు?

ఆ కార్తీకంలో వాన పట్టింది. పొద్దున్న మామూలు మబ్బే, బిడ్డ బడికి పోయింది. మధ్యాహ్నం నుంచి గాలి తిరిగింది. సాయంత్రం నేను గట్టు ఎక్కేసరికి కాలవ రెండు గట్లూ ఒరుసుకుని పోతోంది, పడవ అవతల ఒడ్డున మోకుతో కట్టేసి ఉంది. పడవ మామ దాని పక్కన గోనెపట్టా కప్పుకుని నిలబడి ఉన్నాడు. పిల్ల లేదు. నేను అరిచాను. ఆయన ఏదో అరిచాడు. గాలికి ఒక్క మాట ఇవతలికి రాలేదు. చెయ్యెత్తి ఊరి వైపు చూపించాడు, మళ్ళీ నన్ను పొమ్మన్నట్టు చెయ్యి ఆడించాడు. బిడ్డ ఊళ్ళోనే ఉంది అనా, బిడ్డ ఇంకా రాలేదు నాకు తెలియదు అనా? ఆయన చెయ్యి ఆడిస్తూనే ఉన్నాడు, నేను అరుస్తూనే ఉన్నాను. మా ఇంటాయన పరుగెత్తుకొచ్చి నీళ్ళలోకి దిగబోతే నలుగురు పట్టుకున్నారు. సముద్రమంటే లెక్కలేని మనిషి, ఆ ఎర్రనీళ్ళలో కొట్టుకుపోయే మానుల్ని చూసి గట్టుమీద కూలబడ్డాడు. పాలెం బాధ్యత లేదన్న మాట ఆ పూట ఎవరూ ఎత్తలేదు. ఎత్తనక్కరలేదు, నా చెవుల్లోనే ఉంది.

ఆ రాత్రి ఎట్లా గడిచిందో రాయను. తెల్లవారి వాన తెరిపిచ్చి నీళ్ళు కాస్త తీయగానే మామ పడవ వేశాడు. గట్లు తెగిపోయి ఉన్నాయి, మోకాటిలోతు బురదలో పడుతూ లేస్తూ ఊళ్ళోకి పోయాను. నా బిడ్డ ఆ రైతుబిడ్డ ఇంటి వసారాలో కూర్చుని అన్నం తింటోంది.

“ఏమ్మే, బిడ్డ బద్రంగా వుందిలే. రాత్రంతా యిద్దరూ నవ్వులే నవ్వులు, మమ్మల్ని నిద్రపోనిస్తే గదా” అన్నది ఆ పిల్ల తల్లి. నా ముఖం చూసి ఆమె కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి. మంచి మనిషి. ఉన్నదున్నట్టు చెప్పాలి గదా, మా పిల్లకు ఆకులో పెట్టారు, పళ్ళెంలో కాదు. పెట్టింది వసారాలో, లోపల కాదు. అయితే వాళ్ళ పిల్ల కూడా తన పళ్ళెం లోపల వదిలేసి, ఒక ఆకు తెచ్చుకుని దీని పక్కనే కూర్చుని ఉంది. పెద్దవాళ్ళు ఏం గీత గీశారో ఆ పిల్లకు తెలుసు. తెలిసే ఇవతలికి వచ్చి కూర్చుంది. ఆ రెండు ఆకులూ ఇప్పటికీ నా కళ్ళముందు ఉన్నాయి.

నాకు ధైర్యం వచ్చింది. అడిగాను. బాగా వానగా ఉన్నప్పుడు మాత్రం బిడ్డను ఇక్కడే ఉండనిస్తావా అమ్మా, మూలన ఒక గోనెపట్టా వేస్తే చాలు, ఆ కార్తీకం గడిస్తే చాలు అన్నాను. ఆమె లోపలికి చూసింది, కొంగు సర్దుకుంది.

“నాదేముందిమే. మా అత్త వుండాదే” అన్నది మెల్లగా. “యేదో యీ పొద్దంటే ఆపద. దినామూ అంటే వూళ్ళో వాళ్ళు వూరుకోరు.”

ఆమె తప్పు లేదు. మా పాలెం పెద్దాయన తప్పూ లేదు. ఎవరి తప్పూ లేకుండానే నా బిడ్డ నిలబడే చోటు అరచేతంత కూడా మిగల్లేదు. దాని చెయ్యి పట్టుకుని పడవెక్కాను. ఆ తర్వాత దాన్ని కాలవ దాటించలేదు. అది ఏడ్వలేదు, ఎందుకని అడగలేదు. ఏడ్చి అడిగి ఉంటే నేనేం చేసేదాన్నో తెలియదు.

పాకలో దానికి నేర్పేది ఏమీ లేకపోయింది. అయ్యవారు మంచివాడు, ఖాళీగా కూర్చోబెట్టడం ఇష్టంలేక చిన్నపిల్లల్ని దానికి అప్పగించాడు. పొద్దుటిపూట అది వాళ్ళ వేళ్ళు పట్టి దిద్దించేది. కొన్నేళ్ళకు, మధ్యాహ్నం పూట గంపలు కడిగి వచ్చిన ఆడవాళ్ళం కొందరం ఆ పాక నీడన చేరేవాళ్ళం, అప్పుడు మా వేళ్ళు కూడా పట్టింది. నేను అ రాసింది నా కూతురి చెయ్యి కింద. దాని చదువు ఆగిన చోట నాది మొదలైంది. పాలెంలో అందరి పిల్లలకూ అక్షరాలు వచ్చాయి, ఆ దురాయి వల్లనే వచ్చాయి, కాదనను. ఈ వాక్యం రాస్తున్నానంటే అది ఆ పాక పుణ్యమే. కానీ నా బిడ్డ నాలుగో తరగతి ఆ గట్టు మీదే ఉండిపోయింది.

నేను ఆ ఇంటికి చేపలు పోస్తూనే ఉన్నాను. ఆ రైతుబిడ్డ వసారాలోకి వచ్చి, ఎప్పుడొస్తాది అని అడిగేది. వాన తగ్గినాక అనేదాన్ని. వాన తగ్గింది. మళ్ళీ అడిగింది. నాట్లు అయినాక అన్నాను. కోతలప్పుడు ఒకసారి అడిగింది. ఆ తర్వాత నన్ను చూస్తే గంపలోకి చూసి, కానాగంత చేపలు ఉన్నాయా అని మాత్రం అడిగేది. పెద్దదైంది, పెళ్ళి చేసుకుని కావలి వైపు పోయింది.

కాలవ మీద వంతెన వచ్చి చాలా ఏళ్ళయింది. మా పాలెంలో ఆడపిల్లలు కూడా ఈత నేర్చుకుంటున్నారు. ఆకులూ పళ్ళేలూ అన్న గీతలు కూడా చాలావరకు చెరిగాయి, మా పిల్లల పెళ్ళిళ్ళకు వాళ్ళు వస్తారు, బల్లల మీద పక్కపక్కనే తింటారు. అప్పుడు మేము అడగడానికి భయపడినవన్నీ ఇప్పుడు అడగకుండానే ఉన్నాయి. కానీ పొద్దున పూట వంతెన దగ్గర కూర్చుంటే చూస్తుంటాను. రైతుల ఊరి పిల్లలు పసుపుపచ్చ బస్సుల్లో టౌను బడులకు పోతారు. మా పాలెంలో కాస్త కలిగినవాళ్ళ పిల్లలు ఇంకో బస్సులో ఇంకో బడికి పోతారు. కిటికీల అద్దాలు మూసి ఉంటాయి. ఏ బస్సూ ఎక్కలేని వాళ్ళు మాత్రం ఇటు కొందరు, అటు కొందరు మిగిలారు. ఇప్పుడు వాళ్ళను కలుపుతారట.

నిన్న పొద్దున మా ఇంకో మనవడి కూతురు టౌను బడి బస్సు కోసం వంతెన దగ్గర నిలబడి ఉంటే అడిగాను, అవతల ఆ ఊళ్ళో నీకు తెలిసిన పిల్లలు ఎవరన్నా ఉన్నారా అని.

“యే వూరు అవ్వా?” అన్నది.